ఏ గడిలో టిక్కు పెట్టాలి? జాతి, జాతీయత, కులం (ఆరో భాగం)



ఈసారి పూనా ఒడంబడిక గురించి రాస్తానని పోయిన భాగం చివర మాట ఇచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. మధ్యలో ఒక ఫోన్ వచ్చింది. అందులో అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు చదివిందే ఈ భాగం.

మా అక్క కొడుకు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళి ఏడాదిన్నర అయింది. నలుగురు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. చేరిన మొదటి వారంలోనే అన్నం తింటూ ఒకడు అడిగాడట, "బ్రో, మీ ఇంటిపేరేంటి?" అని. చెప్పాడు. "ఏ ఊరు?" చెప్పాడు. "ఊళ్ళో ఎక్కడ?" మావాడు ఒక్క క్షణం ఆగాడు. వాళ్ళకు ఆ ఆగడమే చాలింది. తర్వాత ఏం జరిగిందో మీలో సగం మందికి నేను చెప్పనక్కర్లేదు. కంచం, గ్లాసు వేరయ్యాయి. వంట వంతుల్లోంచి పేరు పోయింది. వాడు లేకుండా కొత్త వాట్సాప్ గ్రూపు పుట్టింది. క్లాసు ప్రాజెక్టులో టీం మారింది. చివరికి అద్దె ఒప్పందం ఇంకా నాలుగు నెలలు ఉండగానే "నువ్వు వేరే రూమ్ చూసుకో" అన్నారు.

ఫిర్యాదు చేద్దామని యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ ఫారం తెరిచాడు. ఏ కారణం మీద వివక్ష జరిగింది అని ప్రశ్న, కింద గళ్ళు. రేస్, రంగు, ఎథ్నిసిటీ, నేషనల్ ఆరిజిన్, యాన్సెస్ట్రీ, మతం, ఇంకా కొన్ని. కులం అనే గడి లేదు. "మామా, నాదీ వాళ్ళదీ ఒకటే రంగు. ఒకటే భాష. ఒకటే పాస్‌పోర్టు. ఇద్దరైతే మన జిల్లా వాళ్ళే. ఏ గడిలో టిక్కు పెట్టాలి?" అని ఫోన్ చేశాడు.

"రేస్ అని పెట్టెయ్‌రా" అనబోయి ఆగాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అసలు తికమక మన భాషలోనే ఉంది. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు ఉన్నచోట మనం ఒక్క మాటతో సరిపెడతాం. జాతి. నల్లజాతి, తెల్లజాతి అంటాం. తెలుగు జాతి అంటాం. భారత జాతి అంటాం, జాతిపిత అంటాం, జాతీయ జెండా అంటాం. ఎద్దుల్లో ఒంగోలు జాతి అంటాం. ఊళ్ళో ఎవడికైనా మన మీద కోపం వస్తే "జాతి తక్కువోళ్ళు" అని తిడతాడు. హిందీకి వెళ్తే జాతి అంటే నేరుగా కులమే. చర్మం రంగు, మాట్లాడే భాష, ఉండే దేశం, పుట్టిన కులం అన్నీ ఒకే సంచిలో పోసి మూతి కట్టేశాం. అందుకని ఈ భాగంలో నేను కావాలనే రేస్, ఎథ్నిసిటీ, నేషనాలిటీ అనే మాటలే వాడతాను. తెలుగు అభిమానులు తిట్టుకోవద్దు.

1913కి వెళ్దాం. ఆ ఏడాది ఇద్దరు భారతీయ యువకులు అమెరికాలో దిగారు. ఒకరు పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా నుంచి సియాటిల్‌కు వచ్చిన సిక్కు, భగత్ సింగ్ థింద్. రెండో ఆయన బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి వచ్చిన మన బాబాసాహెబ్. ఇద్దరూ కలిశారని నేను ఎక్కడా చదవలేదు. కానీ కులానికీ రేస్‌కూ సంబంధం ఏమిటి అనే ప్రశ్నకు ఆ దేశంలోనే ఇద్దరూ పూర్తిగా ఎదురెదురు జవాబులు చెప్పారు. మనం ఇప్పటికీ ఆ రెండిట్లో ఏదో ఒకటి పట్టుకుని మాట్లాడుతున్నాం.

ముందు థింద్ సంగతి. ఓరెగాన్‌లో కలప మిల్లుల్లో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, అమెరికా సైన్యంలో చేరాడు. అదే ఏడాది డిసెంబర్‌లో పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజుల్లోనే రద్దు చేశారు. కారణం 1790 నాటి చట్టం. బయటి నుంచి వచ్చినవాడు అమెరికా పౌరుడు కావాలంటే "స్వేచ్ఛ గల తెల్ల మనిషి" అయి ఉండాలని ఆ చట్టం. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా సంతతి వాళ్ళను కూడా చేర్చారు. అంటే తెల్లవాళ్ళకు ఒక తలుపు, నల్లవాళ్ళకు ఒక తలుపు. ఆసియా వాళ్ళకు తలుపే లేదు. థింద్ మళ్ళీ దరఖాస్తు చేశాడు. 1920లో ఓరెగాన్ కోర్టు మళ్ళీ పౌరసత్వం ఇచ్చింది. ప్రభుత్వం వదల్లేదు, కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

అక్కడ థింద్ తరఫున ఏం వాదించారో మనం జాగ్రత్తగా వినాలి. పౌరసత్వానికి రంగు అడ్డు రాకూడదు అని వాదించలేదు. నేను తెల్లవాడినే అని వాదించారు. రుజువు? ఆయన ఉత్తర భారతంలో పుట్టిన అగ్రకులస్తుడు, స్వచ్ఛమైన ఆర్య రక్తం, ఆర్యులూ యూరోపియన్లూ ఒకే కకేసియన్ రేస్, కాబట్టి తెల్లవాడే. ఆ రక్తం కలుషితం కాలేదని చెప్పడానికి ఇంకో మాట కూడా జోడించారు. పెళ్ళి విషయంలో అమెరికా తెల్లవాడు నీగ్రోను ఎట్లా చూస్తాడో, మా అగ్రకులస్తుడు అక్కడి ఆదిమవాసులను అట్లాగే చూస్తాడు అని. ఇది దూషణగా ఎవరో ఆయన మీద వేసిన మాట కాదు. ఆయన వైపు నుంచే, అర్హతగా, కోర్టు ముందు పెట్టిన మాట. మా దేశంలో మేం కూడా మీలాగే కొందరిని దూరం పెడతాం, కాబట్టి మమ్మల్ని మీలో కలుపుకోండి అని దాని అర్థం.

ఇంకో తమాషా ఉంది. థింద్ సిక్కు, తలపాగా కట్టేవాడు. కోర్టు కాగితాల్లో మాత్రం ఆయన "అగ్రకుల హిందువు". అప్పటి అమెరికాలో హిందువు అంటే మతం కాదు, ఇండియా నుంచి వచ్చినవాడు ఎవడైనా హిందువే. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో రేస్ అనే గడి కింద "హిందూ" ఒక రకం. సిక్కు అయినా, ముస్లిం అయినా అందులోనే రాశారు. మతం పేరు తీసుకెళ్ళి శరీరానికి తగిలించారన్నమాట.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబర్‌లో, టకావో ఒజావా అనే జపాన్ మనిషి కేసులో ఈయనే తీర్పు రాశాడు. ఒజావా ఒంటి రంగు చాలామంది యూరోపియన్ల కంటే తెలుపే. అయినా తెల్లవాడంటే చర్మం రంగు లెక్క కాదు, కకేసియన్ రేస్ అయి ఉండాలి, నువ్వు కకేసియన్ కాదు పో అన్నాడు. సరే అని థింద్ కకేసియన్ సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. ఇప్పుడు సదర్లాండ్ ఏమన్నాడు? శాస్త్రవేత్తలు ఏమన్నా మాకు పనిలేదు, తెల్లవాడంటే ఎవరో మామూలు మనిషికి తెలుసు, ఆ లెక్కలో నువ్వు తెల్లవాడివి కాదు అన్నాడు. మూడు నెలల్లో కొలబద్ద మార్చేశాడు. జడ్జిలందరూ ఏకగ్రీవం. ఆ సదర్లాండ్ ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రేస్ అంటే ఏమిటో నాకు ఏ సోషియాలజీ పుస్తకం కంటే ఈ రెండు తీర్పులు బాగా చెప్పాయి. ముక్కు, చర్మం, జుట్టు చూసి మనుషుల్ని రకాలుగా విడగొట్టి, ఆ రకాలకు పైమెట్టు కిందిమెట్టు అంటగట్టడం. ఎవరు ఏ రకమో నిర్ణయించేది అధికారంలో ఉన్నవాడు. గీత ఎక్కడ గీయాలో కూడా వాడిష్టం, అవసరమైతే చెరిపి పక్కన గీస్తాడు. శాస్త్రం పేరు చెప్పి ఒకడిని బయటికి గెంటొచ్చు, శాస్త్రంతో పనిలేదని ఇంకొకడిని గెంటొచ్చు.

నేషనాలిటీ సంగతి కూడా ఇదే కేసులో ఉంది. తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన డజన్లకొద్దీ భారతీయుల దగ్గర దాన్ని వెనక్కి లాక్కున్నారు. వారిలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. పెషావర్‌లో పుట్టి, భార్యనూ ముగ్గురు పిల్లల్నీ తీసుకుని 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి వ్యాపారం పెట్టుకున్నాడు. 1921లో పౌరుడయ్యాడు, బ్రిటిష్ ప్రజగా ఉండడం వదులుకున్నాడు. తీర్పు తర్వాత అమెరికా పౌరసత్వం పోయింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులకు భూమి మీద హక్కు లేదనే కాలిఫోర్నియా చట్టం వల్ల ఆస్తి కూడా పోయింది. ఇండియా వెళ్ళి అయినవాళ్ళను చూసొద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వనంది, కావాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకో అంది. ఏ బ్రిటిష్ పాలన వద్దని వచ్చాడో దాని కాగితం కోసమే చెయ్యి చాపాలన్నమాట. 1928లో గ్యాస్ విప్పుకుని చనిపోయాడు. ఆయన ముఖం 1921లో ఎట్లా ఉందో 1928లోనూ అట్లాగే ఉంది. మారింది కాగితం. నేషనాలిటీ అంటే ఆ కాగితం. రాజ్యం ఇస్తుంది, రాజ్యం తీసేస్తుంది. థింద్‌కు మాత్రం చివరికి దొరికింది. యుద్ధంలో పనిచేసిన వాళ్ళ కోసం 1935లో వేరే చట్టం వస్తే దాని కింద ఆ తర్వాతి ఏడాది పౌరుడయ్యాడు. మిగతా భారతీయులకు 1946 దాకా దారి లేదు. అప్పుడు కూడా ఏడాదికి వంద మంది వలసకే అనుమతి.

ఇప్పుడు రెండో యువకుడి దగ్గరికి. థింద్ కలప మిల్లుల్లో పనిచేస్తున్న ఆ రోజుల్లోనే, 1916 మేలో, 25 ఏళ్ళ అంబేడ్కర్ కొలంబియాలో గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్‌లో ఒక వ్యాసం చదివాడు. భారతదేశంలో కులాల గురించి. యూరప్ పండితులు తమ దేశాల్లో రంగు పిచ్చిలో పెరిగారు కాబట్టి కులాన్ని కూడా రంగుతో ముడిపెట్టారు అని అందులో తేల్చేశాడు. ఈ దేశంలో రకరకాల జనం ఎప్పుడో కలిసిపోయారు, సంస్కృతిలో ఒకటయ్యారు, ఆ తర్వాత ఒకే ముద్దను ముక్కలుగా కోసి అడ్డుగోడలు కట్టారు, ఆ గోడ పేరు లోపలి పెళ్ళి అన్నాడు. అంటే కులంలో వాళ్ళే కులంలో వాళ్ళను చేసుకోవడం. ఆడవాళ్ళ మీద ఆంక్షలన్నీ ఆ గోడ నిలబడడానికే అని కూడా అందులోనే ఉంది. మన స్టడీ సర్కిళ్ళలో ఆ భాగం ఎందుకో త్వరగా దాటేస్తాం.

1916లో ఇది చెప్పడం చిన్న విషయం కాదు. అప్పుడు అందరూ ముక్కులు కొలుస్తున్న కాలం. బెంగాల్‌లో హెర్బర్ట్ రిస్లీ 1891లోనే కులాలు, తెగల మీద పుస్తకాలు వేశాడు. ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత ఎక్కువ, ఎంత వెడల్పుగా ఉంటే అంత తక్కువ అనేది ఆయన సిద్ధాంతం. ఆయన్నే 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌ని చేశారు. మద్రాసులో ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కాలిపర్లు పట్టుకుని మన తెలుగు జిల్లాలూ తిరిగాడు. 1909లో ఏడు సంపుటాలు వచ్చాయి. ఇప్పటికీ మన కులాల గురించి ఎవరు ఏది రాసినా అందులోంచే ఎత్తి రాస్తారు. ఆ సంపుటాల్లో మాల, మాదిగల గురించిన పేజీలు చదివితే, పరీక్షకు తెచ్చిన శవం మీద వంగి రాసుకున్నట్టు ఉంటుంది. మనం అందులో మాట్లాడం. మన గురించి మాట్లాడతారు.

1936లో కుల నిర్మూలనలో బాబాసాహెబ్ మళ్ళీ ఇదే విషయానికి వచ్చాడు. పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కూ రేస్‌లో తేడా ఏముంది, మద్రాసు బ్రాహ్మణుడికీ మద్రాసు పరయకూ ఏముంది అని అడిగాడు. 1948లో అంటరానివారి గురించి రాసిన పుస్తకంలో ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ముక్కు కొలతల పట్టికలనే తీసుకుని, మీ లెక్క ప్రకారమే బ్రాహ్మణులు ఆర్యులైతే అంటరానివాళ్ళూ ఆర్యులే, వీళ్ళు ద్రావిడులైతే వాళ్ళూ ద్రావిడులే అని చూపించాడు. వాళ్ళ కొలబద్దతోనే వాళ్ళ సిద్ధాంతాన్ని కొట్టాడు.

ఇక్కడ నాకు మన వాళ్ళతోనే పేచీ ఉంది. కోపం తెచ్చుకోకుండా చదవండి. మన సభల్లో "వాళ్ళు విదేశీ ఆర్యులు, మనం మూలవాసులం, మన రక్తం వేరు" అనే మాట బాగా వినబడుతోంది. నేనూ ఇరవై ఏళ్ళ వయసులో మైకు పట్టుకుని అదే మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ మాటకు చరిత్ర ఉంది. జోతిరావు ఫూలే 1873లో గులాంగిరి రాసినప్పుడు, మేం ఆర్యులం అని విర్రవీగేవాళ్ళ సిద్ధాంతాన్ని తిప్పి వాళ్ళ మీదికే విసిరాడు. ఆ కాలానికి అది గొప్ప దెబ్బ. కానీ రక్తం వేరు అన్న క్షణంలో మనం థింద్ వాదననే ఒప్పుకుంటున్నాం. ఆయన పైనుంచి చెప్పాడు, మనం కిందనుంచి చెప్తున్నాం, అంతే తేడా. కొలబద్ద రిస్లీదే. నిజంగా రక్తంలోనే తేడా ఉంటే కులాన్ని నిర్మూలించడం ఎట్లా? రక్తాన్ని నిర్మూలించలేం కదా. బాబాసాహెబ్ రేస్ సిద్ధాంతాన్ని అంత మొండిగా కాదనడానికి ఇదే కారణమని నాకు అనిపిస్తుంది. కులం మనుషులు చేసిన కట్టు అయితేనే మనుషులు దాన్ని తెంచగలరు.

జన్యువుల సంగతి ఏమిటి అని సైన్సు విద్యార్థులు అడుగుతారు. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు, 2013లో ఇంకొకటి. దాదాపు అందరు భారతీయులూ పాతకాలపు రెండు జన సమూహాల మిశ్రమం. పాళ్ళు మారతాయి, ఉత్తరానికీ దక్షిణానికీ, పైకులానికీ కిందికులానికీ సగటున కొంత తేడా ఉంటుంది. అది దాచాల్సిన పని లేదు. కానీ కలవనివాడు లేడు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ కలయిక జోరుగా సాగింది, తర్వాత ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల నమూనాల్లో అయితే రెండు మూడు వేల ఏళ్ళుగా బయటి నుంచి దాదాపు ఎవరూ కలవని ఆనవాళ్ళు కనబడ్డాయి. చుట్టూ తెలుగు మాట్లాడే వందల కులాలు, ఒకటే బజారు, ఒకటే ఎండ, పెళ్ళి మాత్రం బయటికి పోలేదు. వేరు రేస్ కాబట్టి కులాలు ఏర్పడలేదు, పెళ్ళి కట్టడి వల్ల వేరుపడ్డారు. 1916 వ్యాసంలోని మాటకు ల్యాబులో రుజువు దొరకడానికి 90 ఏళ్ళు పైనే పట్టింది.

సరే, ఎథ్నిసిటీ. దీనికి కూడా ఒక తలపాగా కథే ఉంది, ఈసారి బర్మింగ్‌హామ్‌లో. ఒక ప్రైవేటు స్కూలు సిక్కు కుర్రాడిని జుట్టు కత్తిరించి తలపాగా తీసేస్తేనే చేర్చుకుంటానంది. బ్రిటన్‌లో 1976 చట్టం రేస్ వివక్షను నిషేధించింది కానీ మత వివక్షను కాదు. సిక్కులు మతమా, ఇంకేమైనానా అని ప్రశ్న వచ్చింది. కింది కోర్టులు మతమే అన్నాయి. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం సిక్కులు ఒక ఎథ్నిక్ సమూహం అంది. మాది అని చెప్పుకునే పొడవైన ఉమ్మడి చరిత్ర, తమవైన ఆచారాలు, సంస్కృతి తప్పనిసరి. వీటికి తోడు ఒకే ప్రాంతం మూలం, ఒకే భాష, ఒకే సాహిత్యం, ఒకే మతం, పెద్ద సమాజంలో అల్పసంఖ్యాకులుగా ఉండడం లాంటివి కూడా చూస్తారు. ఇందులో ముక్కు కొలతలు లేవు. ఒక సమూహం తనను తాను ఎట్లా గుర్తు పెట్టుకుంటుంది, పక్కవాళ్ళు దాన్ని ఎట్లా గుర్తుపడతారు అనేదే లెక్క.

మన దగ్గర కూడా అట్లాంటి ప్రయత్నం జరిగింది, చాలామందికి తెలియదు. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ పెట్టారు. అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములు అనే పేరే మాకు వద్దు, మేం ఈ నేల మొదటి బిడ్డలం, ఆది ఆంధ్రులం అని ఆయన పట్టుబట్టాడు. సభ పేరే ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత పేర్ల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు వచ్చింది. ఇందాక మూలవాసి మాటను విమర్శించి ఇప్పుడు దీన్ని మెచ్చుకుంటున్నాడేమిటి అనుకోకండి. ఆ పెద్దలు కూడా ఆది అనేటప్పుడు రక్తం భాషలోకి కొంత జారారు, నిజమే. కానీ వాళ్ళు ముఖ్యంగా చేసింది, ఎదుటివాడు పెట్టిన పేరు తీసేసి తమ పేరు తాము పెట్టుకోవడం. ఎథ్నిసిటీకి ప్రాణం అక్కడ ఉంది. మా తాత చదువుకున్న బడి రికార్డులో కులం దగ్గర ఆది ఆంధ్ర అనే ఉంది. చిన్నప్పుడు అది చూసి మనది వేరే కులమా అని అడిగాను.

అయితే దళితులు ఒక ఎథ్నిక్ సమూహమా? నా లెక్కలో పూర్తిగా కాదు. మాల, మాదిగ, రెల్లి, ఇంకా యాభై చిల్లర కులాలు, ఎవరి డప్పు వారిది, ఎవరి దేవత వారిది, మన మధ్య పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో మనకే తెలుసు. మరోవైపు తెలుగు ఎథ్నిసిటీలో మనం ఉన్నాం, పాటల్లో ఆటల్లో అందరికంటే ఎక్కువే ఉన్నాం. మావాడినీ వాడి రూమ్మేట్లనూ అమెరికా వాడు చూస్తే ఒకటే ఎథ్నిసిటీ. ఆవకాయ దగ్గర ఒకటే, కంచం దగ్గర వేరు.

నేషనాలిటీకి పాస్‌పోర్టు కాక ఇంకో అర్థం ఉంది, కమ్యూనిస్టు మిత్రులు గుర్తు చేస్తారు కాబట్టి క్లుప్తంగా. స్టాలిన్ కూడా 1913లోనే రాసిన వ్యాసం ప్రకారం ఒకే భాష, ఒకే భూభాగం, ఒకే ఆర్థిక జీవితం, సంస్కృతిలో వ్యక్తమయ్యే ఒకే మనస్తత్వం ఉన్న జనం ఒక జాతి. 1940లలో పుచ్చలపల్లి సుందరయ్య విశాలాంధ్ర కోసం రాసినప్పుడు ఈ దారినే నడిచారు. భాష ఒకటే, భూభాగం ఒకటే, బాగానే ఉంది. ఆ భూభాగంలో భూమి ఎవరిది, ఊరి చెరువు ఎవరిది అని పల్లె నుంచి అడిగితే నాలుగు లక్షణాలూ అక్కడే ఆగిపోతాయి. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీతో మొదటిసారి కలిసినప్పుడు, నాకు మాతృభూమి లేదు అని బాబాసాహెబ్ ముఖం మీదే చెప్పాడు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగంలో, వేల కులాలుగా చీలినవాళ్ళు ఒక జాతి ఎట్లా అవుతారు అని అడిగాడు, కులాలే జాతి వ్యతిరేకమైనవి అన్నాడు. ఇప్పుడు మనల్ని జాతి వ్యతిరేకులు అనేవాళ్ళు ఆ పేజీ తెరవరు.

మళ్ళీ మావాడి ఫారం దగ్గరికి. కులం రేస్ కాదు అనే మాట వాడి కేసులో వాడికే ఎదురు తిరుగుతుందా? ఇదే గొడవ 2001లో డర్బన్‌లో జరిగింది. రేసిజానికి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ సభ పెడితే దళిత సంఘాలు కులాన్ని చర్చించమన్నాయి. భారత ప్రభుత్వం కులం రేస్ కాదు, ఇది మా ఇంటి విషయం అంది. మొదటి సగం బాబాసాహెబ్ మాటే, వాడింది మాత్రం తలుపు మూయడానికి. కానీ ప్రభుత్వం మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. 1965 నాటి అంతర్జాతీయ ఒడంబడిక మొదటి అధికరణంలో రేస్, రంగు, సంతతి, జాతీయ లేదా ఎథ్నిక్ మూలం అని వరసగా ఉంటాయి. ఆ "సంతతి" అనే మాటను చేర్పించింది భారత ప్రతినిధులే. 2002లో ఐక్యరాజ్యసమితి కమిటీ, సంతతి అంటే కులం వంటి వ్యవస్థలూ అందులోకి వస్తాయని స్పష్టంగా చెప్పింది. కులాన్ని తీసుకెళ్ళి రేస్ గడిలో కుక్కాల్సిన పని లేదు. పుట్టుక వల్ల వచ్చే అవమానానికి పుట్టుక అనే గడి ముందే ఉంది.

బ్రిటన్‌లో 2014లో టిర్కీ కేసు ఇంకో దారి చూపింది. బీహార్ నుంచి వచ్చిన ఒక ఆదివాసీ మహిళతో ఒక భారతీయ కుటుంబం నాలుగున్నరేళ్ళు రోజుకు 18 గంటలు ఇంటి పని చేయించుకుంది. గంటకు 11 పెన్నీలు కూలి పడింది. కులం, సంతతికి సంబంధించినంత వరకు ఎథ్నిక్ మూలం కిందికి రాగలదని అప్పీలు ట్రైబ్యునల్ అంది. మరుసటి ఏడాది ఆమెకు 1,83,774 పౌండ్ల బకాయి జీతం ఇవ్వాలని తీర్పు వచ్చింది. చట్టంలో కులం అనే మాటనే చేరుస్తామని 2013లో పార్లమెంటు నిర్ణయించింది, 2018లో ప్రభుత్వం వద్దనుకుంది. అమెరికాలో 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులాన్ని నేరుగా పేరు పెట్టి నిషేధించింది. 1913లో థింద్ ఓడ దిగిన ఊరు అదే. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ ఇట్లాంటి బిల్లును వీటో చేశాడు. ఆయన చెప్పిన కారణం, ఉన్న చట్టాల కింద ఇది ఇప్పటికే నిషిద్ధం అని. ఇప్పటికే నిషిద్ధమైతే ఆ పేరు రాయడానికి అంత భయం ఎందుకో మనవాళ్ళ సంఘాలను అడగాలి. ఆ బిల్లు వద్దని ఊరేగిన వాళ్ళలో తెలుగు మాట కూడా వినబడింది.

నేను మావాడికి చెప్పింది ఇది. రేస్ పెట్టకు, నిన్ను గెంటింది వేరే రేస్ వాళ్ళు కాదు, అక్కడే వాళ్ళు నిన్ను పట్టేస్తారు. నేషనాలిటీ కాదు, అందరిదీ ఒకటే పాస్‌పోర్టు. యాన్సెస్ట్రీ అనే గడి ఉంది కదా, అక్కడ టిక్కు పెట్టు. ఎథ్నిసిటీలో కూడా పెట్టొచ్చు, కానీ ముందు అది. కింద వివరాలు రాయమని ఖాళీ ఇచ్చిన చోట కులం అనే మాట రాయి, ఇంగ్లీషులోకి మార్చకు.

టిక్కు పెట్టి పంపాడు. వారం తర్వాత ఆ ఆఫీసు నుంచి ఒకామె మెయిల్ ఇచ్చింది. కులం అంటే ఏమిటో, అది తన విషయంలో ఎట్లా పనిచేసిందో రెండు పేజీల్లో రాసి తెమ్మంది, కలవడానికి ఒక తేదీ ఇచ్చింది. నిన్న రాత్రి మేం ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని ఆ రెండు పేజీలు రాశాం. మొదటి వాక్యంలో దళితుడిని అని రాయాలా, కులం పేరే రాయాలా అని వాడు చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. పేరు రాశాడు. స్పెల్లింగు ఎట్లా అని అడిగితే, కాస్ట్ సర్టిఫికెట్ తీసి చూడమన్నాను. సూట్‌కేసు అడుగున ఉందట.

పూనా ఒడంబడిక వచ్చే ఆదివారం. కామెంట్లలో ఎవరికైనా ఇట్లాంటి ఫారాలు నింపిన అనుభవం ఉంటే రాయండి, వాడికి పనికొస్తుంది.

జై భీమ్.